తెల్లపూల బాధ నుండి ప్రభువు నన్ను విడిపించిన విధము

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నా కనురెప్పలు మొదటిసారి వాచిన దినము 1989 జూలై 9, ఆదివారం. జ్ఞాపకముండి చెప్పడం లేదు, రాసిపెట్టుకున్నాను కాబట్టి చెబుతున్నాను. ముప్పై ఒక్క సంవత్సరాలు అమరచింతలో పిల్లలకు ఎక్కాలు చెప్పి, 1988లో ఉద్యోగ విరమణ చేసి, భర్త పోయి, సంతానం లేక ఒంటరిగా ఉన్నదాన్ని. ఏ దినం జరిగినది ఆ దినమే నోటుబుక్కులో రాయకుండా పడుకునే అలవాటు నాకు లేదు.

ముందు కనురెప్పలు, తరువాత మెడ, మోచేతుల మడతలు, చివరికి రెండు చేతులూ ఎర్రగా దద్దుర్లు లేచి, నీరు కారి, ఎండి, మళ్లీ పగిలి, ఆరు నెలలు తిరిగేసరికి చర్మమంతా నల్లబడి, ఎద్దు మెడ మీద కాడి రాసుకున్న చోటులాగ మందమైపోయింది! ఆ దురద ఎంతటిదో అనుభవించినవారికే తెలుసు. వేపాకు నూరి పూశాను, పసుపు పూశాను, గంధకం కొబ్బరినూనెలో కలిపి పూశాను. ఒక్కొక్కటి ఎన్ని దినాలు పూసినదీ రాసుకున్నాను. ఏదీ పనిచేయలేదు.

నా ఎదుట ఎవరూ కుష్టు అనే మాట అనలేదు. కానీ బోరింగు దగ్గరికి పోతే, "టీచరమ్మా, జర నువ్వు ఆఖరుకు పట్టుకో, మాకు పొలానికి పొద్దు పోతుంది" అనేవారు, నేను పట్టుకొని పది అడుగులు వేయగానే వెనుక బోరింగు పిడిని మట్టితో తోముతున్న చప్పుడు వినబడేది. పాలు పోసే ఎల్లమ్మ నా గిన్నెకు మూరెడు ఎత్తునుండి పోసేది. మా వీధిలో నా గడప తొక్కేవారు లేకుండా పోయారు.

ఆ 1989 సెప్టెంబరులోనే మా సంఘపెద్ద యేసుదాసు వచ్చి వాకిట్లోనే నిలబడ్డాడు.

"టీచరమ్మా, కోపం చేసుకోవద్దు. వచ్చే ప్రభువు బల్లకు మీ గ్లాసు మీరే తెచ్చుకోండ్రి."

"ఎవరన్నరు గట్ల?" అన్నాను.

"రూలున్నది గదమ్మా. సంఘం పుస్తకంల మీరు రాసిందే!"

నిజమే, సహోదరులారా. 1986 అక్టోబరు 5న సంఘపు కూటంలో ఆ నియమం ప్రతిపాదించినది నేను, రాసినది నేను. దేవమ్మ అనే కూలి చేసుకునే సహోదరికి పెదవుల మీద, వేళ్ల మీద బొల్లి మచ్చలు వచ్చాయి. ప్రభువు బల్లలో రొట్టె తిని, మేమందరం ఒకే పాత్రలోని ద్రాక్షరసం తాగేవారం కనుక, చర్మవ్యాధి ఉన్నవారు ఎవరి గ్లాసు వారు తెచ్చుకోవాలని నేను లేచి చెప్పాను, అందరూ సరే అన్నారు. దేవమ్మ రెండు నెలలు గ్లాసు తెచ్చుకుంది, మూడో నెల రాలేదు. నేను హాజరు పుస్తకంలో ఆమె పేరు ఎదుట "మానుకొన్నది" అని రాశాను. ఎందుకు మానుకొన్నదో అడగలేదు!

నేను గ్లాసు తీసుకుపోలేదు. అది నా గర్వం, ఒప్పుకుంటున్నాను. తలుపు దగ్గర వేరే చాప వేసుకొని కూర్చునేదాన్ని. రొట్టె, పాత్ర నా ముందు వరుస దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయేవి. ప్రభువు బల్లకు నేను మళ్లీ చేరతానా, లేక ఈ చాప మీదనే చనిపోతానా అన్నదే నా దిగులు.

ఎవరూ వద్దనని సేవ ఒక్కటే నాకు మిగిలింది. ఉద్యోగ విరమణ చేసిన నాటినుండి ప్రతి శనివారం మందిరం ఆవరణ శుభ్రం చేసి, ప్రసంగ పీఠం మీద పూలు పెట్టేదాన్ని. మా మెట్ట ప్రాంతంలో బంతి కాలం పోతే పూలెక్కడివి? ఆవరణ నిండా నడుమెత్తు పెరిగే వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి అంటారు, దాన్ని ఉత్త చేతులతో పీకి, దాని సన్నని తెల్లపూల గుత్తులనే ఇత్తడి చెంబులో అమర్చేదాన్ని. దూరం నుండి చూస్తే ముత్యాలు చల్లినట్టుండేది! చెమట పడితే ఆ చేతులతోనే ముఖం తుడుచుకునేదాన్ని. రోగం ఎక్కువైన కొద్దీ సేవ ఎక్కువ చేశాను, సేవ ఎక్కువైన కొద్దీ రోగమూ ఎక్కువైంది.

మోకరించి ఇలా ప్రార్థించేదాన్ని: "తండ్రీ, ఇది ఏ పాపము వలన వచ్చిందో చెప్పు. ఏ దినమున చేశానో ఆ తేదీ చెప్పు. నేను దాచుకోను, సంఘము ముందు నిలబడి ఒప్పుకుంటాను."

1990 నవంబరు 26న నాగర్‌కర్నూలు నుండి కబురు వచ్చింది, మా చెల్లెలు కాలు విరిగిందని. ఇరవై నాలుగు దినాలు ఆమె ఇల్లు దాటకుండా వండి పెట్టాను. ఆశ్చర్యం! చేతులు మెత్తబడ్డాయి, రెప్పలు తేలికయ్యాయి. దేవుడు ముట్టాడని ఏడ్చి స్తుతించి, డిసెంబరు 20న సంతోషంగా ఇంటికి వచ్చాను, 22వ తేదీ శనివారం క్రిస్మసు కోసం ఆవరణంతా నేనొక్కదాన్నే పీకి, అంతకు ముందెన్నడూ పెట్టనన్ని పూలు పెట్టాను. 23 ఉదయానికి నా కళ్లు తెరుచుకోలేదు.

క్రిస్మసు నాడు మందిరంలో పాటలు పాడుతుంటే నేను ఇంట్లో తడిగుడ్డ కళ్ల మీద వేసుకొని పడుకొని విన్నాను. ఏ పాట తరువాత ఏ పాట వస్తుందో నాకు తెలుసు, చివరి పాట అయిపోయాక అందరూ ఒకరికొకరు చేతులు కలుపుకుంటారనీ తెలుసు. "ప్రభువా, నాగర్‌కర్నూలులో ఉన్నావు, అమరచింతలో లేవా?" అని అడిగాను. ఆ దినం నా తలుపు ఎవరూ తట్టలేదు.

1991 జనవరి 11, శుక్రవారం, తట్టినది దేవమ్మ.

"ఏంది టీచరమ్మా, గ్లాసు తెచ్చుకొమ్మన్నరంట గద నిన్ను గూడ!" అని నవ్వింది. నేను తల వంచుకున్నాను. ఆమె నా ఎదుట పీట లాక్కొని కూర్చుంది. "మొకం గట్ల వెట్టకు. ఎండల వడి వచ్చిన, దూప అయితుంది. నీళ్లియ్యి."

"నా చేతులు చూసినవా?" అన్నాను.

"చూసినందుకే వచ్చిన. ఇయ్యవమ్మా!"

ఇచ్చాను. పెదవులు ఆనించి తాగింది. నా ఇంట్లో వేరొకరు నీళ్లు తాగి పదహారు నెలలైంది, సహోదరులారా! నేను ఏడుస్తుంటే ఆమె ఊరుకోమనలేదు. ఏడుపు అయిపోయాక చెప్పింది: "నన్ను గూడ కుష్టన్నరు. వనపర్తి దవాఖానకు పోయిన, సూదితోని గుచ్చి చూసిండ్రు. గాదని చెప్పిండ్రు. నువ్వు చదువుకున్నదానివి, ఎందుకు సూపిచ్చుకోవు?"

నిజంగా కుష్టే అంటారేమోనన్న భయంతోనే పోలేదని అప్పుడు ఆమెతో ఒప్పుకున్నాను.

17వ తేదీ ఆమే నన్ను వనపర్తి బస్సు ఎక్కించి వెంట వచ్చింది. దవాఖానలో చర్మవ్యాధులు చూసే డాక్టరమ్మ నా కళ్లు మూయించి, చేతుల మీద దూదితో, సూదితో తాకింది. తాకిన ప్రతిసారీ చెప్పగలిగాను. "కుష్టు కాదమ్మా. ఇది ఒకరి నుండి ఒకరికి అంటేది కాదు" అన్నది. తరువాత నేను తెచ్చిన నోటుబుక్కు చాలాసేపు తిరగేసింది.

"ఆదివారం, సోమవారం ఎక్కువ, శుక్రవారానికి తక్కువ. శనివారం ఏం చేస్తారు?"

"దేవుని మందిరంలో పూలు పెడతాను."

"ఏం పూలు?"

కిటికీ బయట గోడ పక్కన అదే గడ్డి పూసి ఉంది. చూపించాను. డాక్టరమ్మ కలం కింద పెట్టింది!

ఆ ఆకు ముక్కను నా వీపు మీద పెట్టి, పట్టీ అంటించి, రెండు దినాల తరువాత విప్పితే సరిగ్గా ఆకు పెట్టిన మేర ఎర్రగా పొంగి ఉంది. ఆమె చెప్పినది ఇది: కొందరి ఒంటికి కొన్ని వస్తువులు పడవు. మొదట ఏమీ కాదు, ముట్టుకోగా ముట్టుకోగా ఒకనాడు శరీరం ఆ వస్తువును శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది, ఆ తరువాత దాని పొడి గాలిలో వచ్చి తగిలినా పోరాడుతుంది. దీన్నే ఎలర్జీ అంటారు. మందు పూసుకోవాలి, దాని జోలికి పోకూడదు. అంతే! నేను దేవుణ్ణి పాపపు తేదీ అడిగాను. ఆయన నా చేతే పద్దెనిమిది నెలలు జవాబు రాయించి, చదివేవారి దగ్గరికి నన్ను నడిపించాడు. దేవునికే మహిమ!

మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, మాట వినగానే మగవారిని పిలిచి, చేతులకు గుడ్డలు చుట్టించి, ఆ గడ్డినంతా వేళ్లతో సహా పీకించి గుంటలో పూడ్పించారు. నాలుగు నెలల్లో నా చర్మం మెత్తబడింది. పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ గాలి మళ్లితే రెప్పలు దురద పెడతాయి, మందు పూసుకుంటాను.

"ఇంక మీరు బల్లకు రావచ్చును" అన్నారు అయ్యగారు. నాకు ఒక్కదానికే దారి తెరిస్తే రానన్నాను. దేవమ్మ ఇంటికి పోయి క్షమించమని అడిగాను. చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉండి, "వస్త గని టీచరమ్మా, గ్లాసు మాత్రం తేను" అన్నది.

1991 మే 5, ఆదివారం, సంఘమంతా చూస్తుండగా ఆ నియమాన్ని నేనే చదివి, నేనే కొట్టివేసి, సంతకం చేశాను. పాత్ర ముందు దేవమ్మకు, ఆమె చేతి నుండి నాకు వచ్చింది. ఆమె పెదవులు ఆనిన చోటనే నేను ఆనించాను.

ఈ సంగతి చదువుతున్న సహోదరీ, ఒంటి మీద మచ్చ ఉందని, పుండు ఉందని ఎవరైనా నిన్ను తలుపు దగ్గర కూర్చోబెట్టారా? లేక నాలాగ నీవే భయపడి దాక్కున్నావా? ప్రార్థించు, దవాఖానకు కూడా పో, రెండూ ఆయనవే. తోడు లేకపోతే అమరచింతకు రా, నేనూ దేవమ్మా నీ వెంట వస్తాము. ఆదివారమైతే ముందు మందిరానికి రా. ఆడవారి వైపు మూడో వరుసలో, మా ఇద్దరి మధ్య చోటు ఉంచుతాము. నన్ను బయట విడిచిపెట్టని దేవునికి నా మిగిలిన దినాలన్నిటా స్తోత్రము.