గుర్రాల కడియానికి కట్టిన పడుగు

గద్వాలలో మా వాడ చివర, రోడ్డు పక్కన ముసాఫిర్ బంగ్లా ఉంది. ఇంగ్లీషు దొరలు ప్రయాణంలో గుర్రం దిగి బస చేయడానికి కట్టిందట. ఇప్పుడు దొరలూ లేరు, మంచాలూ లేవు. పడకలు పోయి పడుగులు వచ్చాయి. వానాకాలంలో మా అక్క చీర పడుగును, అంటే మగ్గానికెక్కాల్సిన నిలువు నూలు పోగుల్ని, ఆ పొడవాటి వరండాలోనే సాగదీసి గంజి పెడుతుంది. వీధిలో పరిస్తే ఒక్క జల్లుకు గంజంతా కారిపోతుంది.

నాకు నేత అబ్బలేదు. నేను తెంపిన పోగులు అతకలేక మా నాయన నన్ను బడికి తోలాడు. చివరికి బళ్లోనే చరిత్ర చెప్పి బతికాను. బంగ్లా కూల్చి దుకాణాలు కడతారని తెలిశాక, వారసత్వ కట్టడంగా కాపాడమని అర్జీ పెట్టాను. చూడటానికి అధికారి వస్తున్నాడనగానే అక్కను బతిమాలాను.

"ఈ ఒక్కరోజు పడుగు తియ్యక్కా. ఆక్రమించుకున్నరని రాస్తే కూలగొడ్తరు."

"మబ్బు చూడు. గంజి పెట్టిన పడుగు యాడ ఆరబెట్టాలె, నీ నెత్తిమీదనా?" అంది. కాసేపటికి గొంతు తగ్గించి, "గిది పోతే నాకేడుంది తమ్మీ జాగా?" అంది, పోగులకు గంజి పట్టించే కుంచె ఆపకుండానే.

అధికారి వానతోపాటే వచ్చాడు. తడిసిపోయి, పడుగు కింద నుంచి వంగి వరండాలోకి చేరాడు. నా అర్జీలో ఘనంగా వర్ణించిన, గుర్రాలను కట్టే ఇనుప కడియం ఏదని అడిగాడు. గోడకున్న ఆ కడియానికే అక్క పడుగు తాడు కట్టి ఉంది. కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టాయి. తాడు రాపిడికి ఇదొక్కటి తళతళలాడుతోంది.

తాడు విప్పితే ఫోటో తీసుకుంటానన్నాడు.

"ఇప్పుడిప్పితే పోగులన్ని అంటుకుంటయి సారూ. జర ఆరనియ్యి. వాన గూడ తగ్గలె గద, కూసో."

నన్ను చాయ్‌కు తోలింది. నేను తిరిగొచ్చేసరికి ఆయన బూట్లు విప్పి, పడుగు రెండో కొసనున్న కర్రను బిగువుగా పట్టుకుని నిలబడ్డాడు.

"గట్టిగ పట్టు సారూ, మా తమ్మునిలెక్క ఇడిసిపెట్టకు!"

పడుగు ఆరింది. అక్క తాడు విప్పబోతే ఆయన వద్దన్నాడు. "ఉన్నదున్నట్టే తీస్తానమ్మా."

"కూలగొట్టరు గద సారూ?"

"నా చేతనైనంతవరకు కూల్చనివ్వను. కాపాడే పేరుతో తాళం కూడా వేయనివ్వను."

ఫోటో తీయడానికి ఆయన కర్ర వదలాలి కదా. అక్క నా వైపు చూసింది. "ఇగ నువ్వు పట్టు తమ్మీ."

పట్టుకున్నాను. ఆ రోజు ఒక్క పోగూ తెగలేదు.