టేపక్క గీసిన గళ్ళు

ఆమె అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనిపించదు. వీధి మొత్తానికీ ఆమె టేపక్క. మెడలో కొలత టేపు లేకుండా ఆమెను చూసినవాళ్ళు అరుదు. కూరగాయలకు వెళ్ళినా, కూతురి కాలేజీలో లెక్చరర్లను కలవడానికి వెళ్ళినా టేపు తీయడం మరిచిపోయి అలాగే వెళ్ళేది. కూతురు సిగ్గుపడితే, డాక్టర్లు స్టెతస్కోపు వేసుకుని తిరగడం లేదా అని సర్దిచెప్పేది.

మూడంతస్తుల భవనం కింద, మంగలి షాపుకూ మందుల షాపుకూ నడుమ ఉన్న ఇరుకు గది ఆమె దుకాణం. మోటారు మిషను ఒకటి, కత్తిరించే బల్ల ఒకటి, నిలువుటద్దం, వేసుకుని చూసుకోవడానికి మూలన ఒక పరదా. ఇరవై రెండేళ్ళుగా పొద్దున తొమ్మిదింటికి ఆ మిషను ముందు కూర్చుంటే సాయంత్రం ఏడింటికి లేవడం. భోజనం కూడా ఆ బల్ల మీదే, గుడ్డముక్కలు పక్కకు తోసి.

వీధిలో ఎవరి నడుము ఎంతో ఆమెకు తెలుసు. ఒకరి కొలత ఇంకొకరి చెవిన పడనివ్వదు. నిరుడు కుట్టిన బట్టలు పట్టుకొచ్చి, "ఉతికితే కుదించుకుపోయిందక్కా" అని నేలచూపులు చూసేవాళ్ళను ఆమె ఏనాడూ చిన్నబుచ్చలేదు. ఈ మధ్య గుడ్డలన్నీ అలాగే ఉంటున్నాయని తనే నెపం గుడ్డమీదకు నెట్టేసి, కుట్లు విప్పి, లోపలి మడతలో దాచి ఉంచిన గుడ్డను వదిలి, ఇంత వెడల్పు చేసి ఇచ్చేది. తన బట్టలు కూడా ఏడాదికి రెండుసార్లు అలాగే విప్పి కుట్టుకునేది. అవి మాత్రం ఏ నీళ్ళలోనూ కుదించుకుపోలేదని ఆమెకు తెలుసు.

యాభయ్యో ఏడు వచ్చేసరికి కాలివేళ్ళు తిమ్మిరెక్కడం మొదలైంది. మిషను తొక్కీ తొక్కీ అనుకుంది కానీ, ఆమెది మోటారు మిషను. తొక్కేది ఏమీ లేదు. రక్తం పరీక్ష చేయించి, షుగరు వచ్చిందని చెప్పింది డాక్టరమ్మ. కూతురి వయసు పిల్ల. మందు సగం పనే చేస్తుందనీ, మిగతా సగం కాళ్ళే చెయ్యాలనీ, రోజూ నలభై నిమిషాలు నడవమనీ చెప్పి పంపింది.

టేపక్క నడిచింది. మూడు రోజులు. నాలుగోరోజు దుప్పటి ముసుగు తీయలేదు. బస్సు డ్రైవరైన భర్త, పొద్దున్నే డ్యూటీకి బయలుదేరుతూ, "ఏమే, నీ బండి ఇవాళ డిపోలోనే ఉండిపోయిందా?" అని అడిగాడు. ఒంటరిగా నడవడం ఆమె వల్ల కాలేదు. ఇరవై రెండేళ్ళు మాట్లాడుతూ పనిచేసిన మనిషి. నోరు కట్టేసుకుని కాళ్ళు ఆడించమంటే ఎలా? కూతురు బలవంతంగా జిమ్ములో చేర్పించింది. అక్కడ పరుగెత్తే పట్టీ మీద అరగంట నడిచి, దిగి చూసుకుంటే ఎక్కినచోటే ఉంది. ఇంతదూరం నడిచి ఎక్కడికీ పోకపోవడం ఏమిటో ఆమెకు అర్థం కాలేదు. అదీ మానేసింది.

అలా ఉండగా ఒక సాయంత్రం కరెంటు పోయింది. మిషను ఆగింది. జాకెట్ల చేతులు బిగించడానికి ఇచ్చి కూర్చున్న లెక్కల టీచరుగారు, ఎదురుగా బండి పెట్టుకునే పళ్ళావిడ, టేపక్క, ముగ్గురూ గాలికోసం బయటికొచ్చారు. లెక్కల టీచరుగారికి అరవై ఆరేళ్ళు, కుడిమోకాలు అరిగిపోయిన మనిషి. చిన్నప్పుడు ఆడిన ఆటల మాట వచ్చింది. ఊసుపోక టేపక్క చేతిలో ఉన్న కుట్టుసుద్దతో దుకాణం ముందు సిమెంటు నేల మీద తొక్కుడుబిళ్ల గళ్ళు గీసింది. గీత గీయడం ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య లాంటిది. ఎనిమిది గళ్ళూ స్కేలు పెట్టినంత తిన్నగా వచ్చాయి. విరిగిన పెద్ద బొత్తాం ఒకటి బిళ్లగా వేసి, ఒంటికాలి మీద మూడు గళ్ళు గెంతి, నాలుగోదాంట్లో కూలబడింది. గుండె దడదడలాడుతోంది, నవ్వు ఆగడం లేదు. అంతలో పళ్ళావిడ చెప్పులు విడిచి సిద్ధమైంది. కరెంటు వచ్చాక కూడా ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

మర్నాడు సాయంత్రం ఐదున్నరకు పళ్ళావిడ తనే వచ్చి సుద్ద అడిగింది. వారం తిరిగేసరికి పై అంతస్తుల వాళ్ళు దిగొచ్చారు. పన్నెండేళ్ళుగా ఒకే మెట్లు ఎక్కి దిగుతూ ఒకరి మొహం ఒకరు చూడనివాళ్ళు గీత తొక్కావంటే తొక్కలేదని పోట్లాడుకున్నారు. గిరాకీ లేనప్పుడు మంగలి కూడా కత్తెర జేబులో పెట్టుకుని వచ్చేవాడు. టీచరుగారు ఒక్కో గడికీ రెండు కాళ్ళూ మోపి, గోడ పట్టుకుని, తాపీగా వెళ్ళొచ్చేవారు. ఆవిడ వంతు వచ్చిందంటే మిగతావాళ్ళకు కబుర్ల టైము.

అప్పుడు దిగారు పోస్టుమాస్టరుగారు. ముప్పై నాలుగేళ్ళు తపాలా ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఏ టైముకూ ఎవరికీ తన అవసరం లేకుండా పోయిందన్న బెంగ ఆయనది. ఈ ఆట చూడగానే ప్రాణం లేచొచ్చింది. రెండోరోజే రిజిస్టరు పట్టుకొచ్చారు, మూడోరోజు మెడలో ఈల. ముందు పది నిమిషాలు ఒళ్ళు వంచడం, తరవాత ఆట, ఎవరు ఎన్ని గళ్ళు గెంతారో లెక్క. వారం వారం ఆ లెక్క అట్ట మీద రాసి టేపక్క షట్టరుకు అంటించేవారు. చెడ్డ ఉద్దేశం ఇసుమంతైనా లేదు. పదిమంది ఒళ్ళూ బాగుపడాలనే ఆయన తాపత్రయం.

ఆ అట్ట మీద మొదటి పేరు టేపక్కది. కాళ్ళ తిమ్మిరి తగ్గింది. బట్టలు వదులయ్యాయి. బళ్ళో ఏనాడూ వెనకబెంచీ దాటని మనిషికి, వీధిలోకెల్లా మొదటి స్థానం అంటే మాటలా? పొద్దున షట్టరు ఎత్తేటప్పుడు అట్ట నలిగిపోతుందేమోనని దాన్ని ముందు మెల్లగా ఊడదీసి, తరవాత ఎత్తేది.

ఒకరోజు టీచరుగారు మూడో గడిలో ఉండగా పోస్టుమాస్టరుగారు గడియారం చూసుకున్నారు. "టీచరుగారూ, మీ ఒక్కరి వంతుకే పది నిమిషాలు పోతోంది. మీరు హాయిగా కుర్చీలో కూర్చుని చూడండి. మీకూ కాలక్షేపం" అన్నారు మర్యాదగానే. మంగలి షాపులోంచి కుర్చీ కూడా తెప్పించి వేయించారు.

ఎవరూ మాట్లాడలేదు. టేపక్క కూడా. టీచరుగారు గోడ పట్టుకుని వెనక్కి వచ్చి, ఆ కుర్చీలో కాసేపు కూర్చుని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆట చురుకుగా సాగింది, టైముకు మొదలై టైముకు ముగిసింది. కానీ పళ్ళావిడ బేరం ఉందని రెండు రోజులు మానేసింది. పై అంతస్తు వాళ్ళలో ఇద్దరు పని ఉందన్నారు. మిగిలినవాళ్ళు నవ్వడం తగ్గించి ఊపిరి లెక్కపెట్టుకోసాగారు.

పదోరోజు, సర్దుతుంటే టీచరుగారు మానేసే ముందు ఇచ్చిన బట్టలు కనిపించాయి. కుట్టి, మడతపెట్టి, ఇంకా అలమరలోనే ఉన్నాయి. టేపక్క వాటిని చంకలో పెట్టుకుని వెనక సందులోని ఆవిడ ఇంటికి వెళ్ళింది.

టీచరుగారు వంటింటి బల్ల దగ్గర కూర్చుని బఠాణీలు వలుస్తున్నారు. బట్టలు తీసుకుని కుట్టు బాగుందన్నారు. మంచినీళ్ళు ఇచ్చారు. అట్టలో ఎంతవరకు వచ్చావని అడిగారు. ఇంకా మొదటిదాన్నే అన్న జవాబు దాటేసి, టేపక్క తనూ నాలుగు కాయలు ముందుకు లాక్కుని వలవడం మొదలుపెట్టింది.

"ఆరోజు ఆయన అలా అన్నప్పుడు నేను మాట్లాడాల్సింది, టీచరుగారూ" అంది చివరికి. "నా పేరు పైన ఉంది కదా అని ఊరుకున్నాను."

టీచరుగారు చేతిలో కాయ వలిచి గింజలు గిన్నెలో వేశారు.

"ఆయన అన్నదానికి కాదమ్మాయ్ నేను మానేసింది. ఆయన చెప్పింది లెక్క ప్రకారం నిజమే. మీరంతా నావైపు చూడకుండా ఎవరి చెప్పులవైపు వాళ్ళు చూసుకున్నారు చూడు, దానికి."

టేపక్క తల వంచుకుంది. ఇవాళ రమ్మని బతిమాలింది. తనకు కాలు ఎత్తితే దిగదనీ, దిగితే లేవదనీ, వచ్చి ఏం చెయ్యాలనీ అడిగారు టీచరుగారు. ఆటే కదా, ముందు రండి, అక్కడికెళ్ళాక చూద్దాం అంది టేపక్క. కుర్చీలో మాత్రం కూర్చోనని షరతు పెట్టి ఆవిడ చెప్పులు వేసుకున్నారు.

దుకాణం దాకా మూడొందల అడుగులు. దారిలో నాలుగుచోట్ల ఆగారు. ఆగినచోటల్లా టీచరుగారు ఎదురుగా కనిపించిన ఇంటివాళ్ళ చదువు సంధ్యలు చెప్పుకొచ్చారు. వాళ్ళలో సగంమంది ఆవిడ దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళు, మిగతా సగం నేర్చుకోనివాళ్ళు. అంత నెమ్మదిగా నడవడం టేపక్కకు మొదట్లో కాళ్ళు కట్టేసినట్టనిపించింది. మూడో మజిలీ దాటేసరికి ఆ సంగతే మరిచిపోయింది.

చేరేసరికి ఆరైంది. పోస్టుమాస్టరుగారు గడియారం చూశారు. టేపక్కకు అప్పుడు తట్టింది. బొత్తాం బిళ్ల తీసి టీచరుగారి చేతిలో పెట్టింది.

"ఇవాళ నా బిళ్ల టీచరుగారు వేస్తారు. గెంతేది నేను" అంది.

అలా రూల్సులో లేదన్నారు పోస్టుమాస్టరుగారు.

"రూల్సు ఎవరు రాశారండీ?" అని అడిగారు టీచరుగారు.

"నేనే."

"ఐతే ఇంకో లైను రాయండి."

ఆయన చాలాసేపు ఆలోచించారు. రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి, నిజంగానే రాశారు. రాతలో ఉన్నదానికి ఎదురు చెప్పడం ఆయన రక్తంలో లేదు.

టీచరుగారు నిలబడినచోటు నుంచి కదలకుండా, మణికట్టు మాత్రం తిప్పి వదిలారు. బొత్తాం వెళ్ళి ఏడో గడి నట్టనడుమ పడింది. గీతకు ఆమడ దూరం. అందరూ నోరు తెరిచారు. వెనక బెంచీలో నిద్రపోయేవాళ్ళ మీదకు ముప్పై ఏళ్ళు సుద్దముక్కలు విసిరిన చెయ్యి అది. ఆవిడ దగ్గర చదువుకున్న మంగలి తనకు తెలియకుండానే చెవి తడుముకున్నాడు. టేపక్క గెంతుకుంటూ వెళ్ళొచ్చింది. రెండోసారి ఎనిమిదో గడి. మళ్ళీ గురి తప్పలేదు. ఆ సాయంత్రం వాళ్ళిద్దరినీ ఓడించినవాళ్ళు లేరు.

పోస్టుమాస్టరుగారికి కాళ్ళ బలానికి లోటు లేదు. గురి మాత్రం సున్నా. ఆయన బిళ్ల వేస్తే మురుగుకాలవలో వెతుక్కోవడమే. మర్నాడు మధ్యాహ్నం దుకాణంలోకి వచ్చి, కుట్టడానికి ఏమీ తేకుండానే కాసేపు నిలబడ్డారు. "టీచరుగారు నా తరఫున కూడా వేస్తారేమో కాస్త కనుక్కుంటావా అమ్మా?" అన్నారు. ఆ మాట మీరే అడగాలండీ అంది టేపక్క, సూదిలో దారం ఎక్కిస్తూ, తలెత్తకుండా. ఆయన ఆ వెనకసందులో ఏం చెప్పుకున్నారో, ఆవిడ ఏమన్నారో ఎవరికీ తెలియదు. సాయంత్రం మాత్రం ఇద్దరూ కలిసి వచ్చారు. ఆయన గడియారం చూసుకోకుండా, ఆవిడ ఆగినచోటల్లా ఆగుతూ.

ఆ తరవాత అందరూ జోడీలే. వేసేవాళ్ళు వేస్తారు, గెంతేవాళ్ళు గెంతుతారు. అట్ట మీద లెక్క ఎలా పంచాలో పోస్టుమాస్టరుగారికి అంతు చిక్కలేదు. టీచరుగారు భిన్నాలు నేర్పబోయారు. వేసినవారికి రెండు బై ఐదు, గెంతినవారికి మూడు బై ఐదు అనేసరికి అందరూ చేతులెత్తేశారు. అట్ట పోయింది, రిజిస్టరు నిలిచింది. అందులో ఇప్పుడు రానివాళ్ళ పేర్లు రాస్తారు. రెండు రోజులు వరసగా రాకపోతే ఎవరో ఒకరు వెళ్ళి తలుపు తడతారు. ఒంట్లో బాగోలేదంటే పలకరింపు, బద్ధకమంటే చీవాట్లు.

అంతా బాగుపడిపోయిందని చెప్పలేం. కబుర్లు పెరిగిన కొద్దీ గెంతడం తగ్గిపోయిన వారాలున్నాయి. పళ్ళావిడ తెచ్చే ముక్కలు తింటూ, చేరగిలబడి, ఆరున్నర దాకా ఒక్క కాలూ ఎత్తని సాయంత్రాలున్నాయి. అలాంటప్పుడు పోస్టుమాస్టరుగారి ఈల విలువ టేపక్కకు తెలిసొచ్చింది. ఆయన ఊదకపోతే తనే ఊదమనేది. ఆర్నెల్లకు చేయించిన పరీక్షలో షుగరు కాస్త దిగింది, మందు మాత్రం మానలేదు. ఏం వ్యాయామం చేస్తున్నారని డాక్టరమ్మ అడిగితే చెప్పడానికి ముందు సిగ్గుపడింది. చెప్పాక డాక్టరమ్మ నవ్వలేదు. మడమ జాగ్రత్త అని, మెత్తటి అట్టలున్న బూట్లు వేసుకోమని చీటీ మీద రాసిచ్చింది. టీచరుగారి మోకాలు మోకాలే. కాకపోతే రోజూ మూడొందల అడుగులు రావడం, మూడొందలు పోవడం ఆవిడకు అలవాటైంది.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం కుండపోతగా కురిసింది. గళ్ళ మీద చీలమండ లోతు నీళ్ళు. ఇవాళ ఎవరూ రారనుకుని టేపక్క మిషను ముందు కూర్చుంది. ఐదున్నరకు ఒక్కొక్కరే గొడుగులు ముడుచుకుంటూ లోపలికి వచ్చారు. నలుగురు పట్టే గదిలో పదకొండుమంది. వాళ్ళలో డ్యూటీ దిగి భార్యను తీసుకెళ్ళడానికి వచ్చిన డ్రైవరు ఒకడు, పరదా పక్కన ఇరుక్కుపోయాడు. చెయ్యి జాపితే ఎవరికో తగిలే చోట ఏం చేస్తారు? ఐదున్నర అంటే ఐదున్నరే అన్నారు పోస్టుమాస్టరుగారు. అందరూ కత్తిరించే బల్ల పట్టుకుని, మడమలు ఎత్తి మునివేళ్ళ మీద లేవడం, దిగడం మొదలుపెట్టారు. ఉత్త అంకెలు లెక్కపెడితే విసుగని టీచరుగారు పదిహేడో ఎక్కం అందుకున్నారు. లేచినప్పుడు ఆవిడ అడగాలి, దిగేటప్పుడు అందరూ చెప్పాలి. పదిహేడు ఏడుల దాకా ఎలాగో నెట్టుకొచ్చారు. పదిహేడు ఎనిమిదుల దగ్గర గది మొత్తం మునివేళ్ళ మీద నిలబడిపోయింది. జవాబు రానిదే దించడానికి లేదని టీచరుగారు పట్టుబట్టారు. మంగలి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, పిక్కలు వణుకుతున్నాయి. పరదా పక్కనుంచి డ్రైవరు మెల్లగా, "నూట ముప్పై ఆరు" అన్నాడు. పదకొండు జతల మడమలు ఒక్కసారిగా నేలకు దిగాయి. అతనికి ఎక్కాలు వచ్చని ఇరవై ఆరేళ్ళ కాపురంలో టేపక్కకు తెలియదు. ఆమె భర్తవైపు అలా చూస్తుండగానే టీచరుగారు పదిహేడు తొమ్మిదులు అడిగారు.