అటు తిప్పి పెట్టిన సీసా

నేను మోస్తున్న బరువు ఒక గాజు సీసా. చేతిలో ఇమిడిపోయేంతది. దాన్ని నేను ఎత్తను కూడా ఎత్తలేదు. ఉన్నచోటే ఉంచి, బొమ్మ ఉన్న వైపు అటు తిప్పాను. నేను చేసిన పని అంతే. ఇన్నేళ్లుగా అది నా గుండెల మీద కూర్చుని ఉంది. పగలు నలుగురితో మాట్లాడుతుంటే కాస్త తేలికవుతుంది, భోజనాలకు పీటలు వేసేసరికి మళ్లీ బరువెక్కుతుంది.

పేరు చెప్పను. సోలాపూర్ పెద్దదే గానీ మా దాజీ పేట్ చిన్నది. ఇక్కడ పొద్దున అన్న మాట మగ్గాల చప్పుడును దాటుకుని మధ్యాహ్నానికి అన్ని గుమ్మాలూ తొక్కుతుంది. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యం ఉంటే ఇన్నేళ్లు పట్టేదా?

నేను భవాని పేట్‌లో తువ్వాళ్లు, చద్దర్లు అమ్మే దుకాణంలో పెరిగాను. నాకు నడక కంటే ముందు బేరం వచ్చిందని మా వాళ్లు నవ్వుతారు. నాన్న నేర్పిన విద్య రెండు ముక్కలే. బేరం నడుస్తున్నంతసేపు నోటికి హద్దు లేదు. "నాకే గిట్టదు" అనొచ్చు, "మీ ముఖం చూసి ఇస్తున్నా" అనొచ్చు, అవసరమైతే కళ్లలో నీళ్లు తెచ్చుకోవచ్చు. కానీ బేరం కుదిరి గిరాకీ తల ఊపాక, అతను పట్టి చూసిన తువ్వాలే మడతపెట్టి ఇవ్వాలి. గల్లా కింది నుంచి ఇంకోటి తీసి కట్టావా, నువ్వు దుకాణదారువి కాదు, దొంగవి. మొదటి ముక్క నాకు బాగా ఒంటబట్టింది. రెండోది ఒంటబట్టిందనే అనుకున్నాను.

నన్ను ఇచ్చింది పవర్‌లూములున్న ఇంటికి. అత్తమ్మ ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన మనిషి. ఆమె వేళ్ల కొసలు అరిగి నున్నగా ఉంటాయి. మరిది ఆమెకు చిన్న కొడుకు. మగ్గం ఎక్కడ ఆగినా వాడి చెయ్యి పడితే నడుస్తుంది. కానీ ఆ చేతికి సీసా కూడా అలవాటే. మేం తిట్టాం, కొట్టాం, ఏడ్చాం. చివరికి అత్తమ్మ తుల్జాపూర్ దాకా నడిచి వెళ్లి అమ్మవారికి మొక్కింది. నా కొడుకు మందు మానితే, బతికున్నంతకాలం నేను నీసు ముట్టనని. కోడి లేదు, మేక లేదు, చేప లేదు. చేపల పులుసంటే ప్రాణమిచ్చే మనిషి ఆమె. తిరిగొచ్చి కొడుకుతో ఆ మాట చెప్పింది. వాడు తల వంచుకుని విన్నాడు. మానేశాడు.

అమ్మవారు చేసిందా? నాకు తెలియదు. నేను చూసింది వేరే. ఆదివారం ఇంట్లో మటన్ వండితే అందరి వరసలోనే అత్తమ్మ కూర్చునేది. ఆమె పళ్లెంలో పప్పూ రొట్టే ఉండేవి. మరిది తినబోతూ ఆ పళ్లెం వైపు ఒకసారి చూసేవాడు. ఎవరూ కట్టలేని వాడిని ఆ పళ్లెం కట్టి ఉంచింది. అది కూడా ఒక బేరమే. రెండు వైపులా తల ఊపిన బేరం.

వాడు మానేసి ఏడాది దాటిందన్న సంబరంతో బ్యాంకాక్ వెళ్లాం. మా ఆయన, నేను, అత్తమ్మ, మరిది. టూర్ కంపెనీ వద్దు, గైడు వద్దు, తిప్పడం నా పూచీ, తినిపించడం నా పూచీ అని నేనే ఎగిరాను. నిజానికి మొదటి రోజులు మహా బాగున్నాయి. నదిలో పడవెక్కితే టికెట్లిచ్చే ఆమె ఇనుప గొట్టం టకటకలాడిస్తూ వచ్చేది, అత్తమ్మ ఆ చప్పుడు విని మగ్గం గుర్తొచ్చిందని నవ్వేది. బజారులో మాకు భాషే అక్కరలేదు. అమ్మేవాళ్లు కాలిక్యులేటర్ మీద అంకె కొట్టి చూపిస్తారు, నేను చెరిపి నాది కొడతాను. వెనక నుంచి అత్తమ్మ నా నడుము పొడుస్తుంది, ఇంకా తగ్గించమని. కొబ్బరిపాలు పోసిన జిగురన్నంలో మామిడిపండు ముక్కలు పెట్టి ఇస్తే చిన్నపిల్లలా వేళ్లు నాకింది. పండ్లు కాక ఆమె తిండి ఆమె దగ్గరే ఉంది. సోలాపూర్ నుంచి కట్టుకొచ్చిన, అప్పడాల్లా ఎండిన కడక్ జొన్న రొట్టెలు, పల్లీల చట్నీ. ఎన్ని రోజులైనా చెడవు.

ఆ మూటే నాకు అడ్డొచ్చింది. ఒకరోజు రైల్లో, తినకూడదని బొమ్మ వేసి ఉన్న చోట, అత్తమ్మ కొంగు కింద రొట్టె విరిచింది. ఫటేల్మని పెట్టెంతా వినబడింది. అద్దంలా మెరిసే ఆ పెట్టెలో అందరి తలలూ మా వైపు తిరిగాయి. అత్తమ్మ నవ్వింది. నాకు మాత్రం సిగ్గేసింది. దుకాణం ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లను గొంతు చించుకుని పిలిచిన నాకు, రొట్టె చప్పుడుకు సిగ్గు! మర్నాడు బయల్దేరేటప్పుడు ఆ మూటను సంచిలోంచి తీసి హోటల్ గదిలోనే పెట్టేశాను. అత్తమ్మకు చెప్పలేదు. సీసా కంటే ముందు చేసిన తప్పు అది.

ఆ రోజు టుక్‌టుక్ వాడితో బేరమాడాను. సగానికి సగం దింపాను. వాడు వెంటనే ఒప్పుకున్నాడు. అంత తొందరగా ఒప్పుకునే గిరాకీని చూస్తే మా నాన్న సరుకును మళ్లీ లెక్కపెట్టుకునేవాడు. నేను లేని మీసం తిప్పాను. వాడు మమ్మల్ని గుడికి కాక ఒక సూట్లు కుట్టే దుకాణానికి తీసుకుపోయి దింపాడు. గిరాకీని తెచ్చినందుకు వాడి కమీషన్ వాడికి అక్కడ ముట్టింది. మేం ఏమీ కొనకుండా బయటికొచ్చేసరికి బండి లేదు. ఎండ. నేను రాసి పెట్టుకున్న, మన భోజనం దొరికే హోటల్ నది అవతల ఉంది. ఎటు నడిచినా నది రావట్లేదు. అత్తమ్మ సంచిలో చెయ్యి పెట్టి మూట కోసం వెతికింది, దొరక్కపోతే మరిచిపోయానేమో అని తననే తిట్టుకుంది. నేను నది కోసం వెతుకుతున్నట్టు అటు తిరిగాను. చివరికి కళ్లు తిరిగి గట్టు మీద కూలబడింది.

"చక్కర్ వస్తున్నది బిడ్డా. జరంత ఆగుదాం."

"అన్నీ నాకే ఎరుక అంటివి గద!" అన్నాడు మా ఆయన. "ఇగ మంచిగ సూట్లు కుట్టిచ్చుకొని, అవే తిందాం పా."

మరిది నవ్వాడు. నాకు చెంప మీద కొట్టినట్టయింది.

ఎదురుగా ఒక ఆమె పెద్ద గుండిగలో చారు కాస్తూ సేమ్యాలు అమ్ముతోంది. నేను వెళ్లి ఆకుకూర చూపించాను, పుట్టగొడుగులు చూపించాను, మాంసం వైపు చెయ్యి ఊపి వద్దన్నాను. సరేనంది. తర్వాత ఒక సీసా ఎత్తింది. దాని మీద చేప బొమ్మ, లోపల చేపలు ఊరబెట్టిన ఉప్పునీళ్లు. అదీ వద్దని చేతులూపాను. ఆమె నవ్వి, సీసా చూపించి గుండిగ చూపించింది. ముందే పోసేసింది. చారంతా అదే.

నాకు అర్థం కాలేదని చెప్పుకోవడానికి వీల్లేదు. పూర్తిగా అర్థమైంది. పక్కనే అరటిపండ్ల బండి ఉంది. అదీ చూశాను. ఆకలి తీరడానికి అరటిపండ్లు చాలు. నా పరువు నిలవడానికి చాలవు. అందరూ వేడివేడిగా తింటుంటే మా అత్తమ్మ ఒక్కతే పండు ఒలుచుకోవడం నేను చూడలేనని ఆ క్షణాన నాకు నేను చెప్పుకున్నాను. ప్రేమ లేదనను. ఉంది. కానీ గెలవాలన్న పంతానికి ఆ ప్రేమను పైగుడ్డలా కప్పాను. ఆమె బల్ల మీద దింపిన ఆ సీసాను, చేప గోడ వైపు ఉండేట్టు, తిప్పి పెట్టాను.

"ఇండ్ల నీసు గిట్ల ఏం లేదు గద బిడ్డా?"

"ఏం లేదత్తమ్మా. ఉత్త ఆకుకూరల చారు."

"పక్కా?"

"పక్కా. నేనే అడిగిన గద."

ఆమె గిన్నె రెండు చేతులా ఎత్తి అడుగుదాకా తాగింది. ముఖం మీదికి రంగొచ్చింది.

"ఇసొంటి చారు నా జన్మల తాగలే. నువ్వుంటే పరదేశంల గూడ కడుపు నిండుతది. సల్లగుండు బిడ్డా."

తలెత్తితే ఎదురుగా మరిది. చెంచా నోటిదాకా వెళ్లి ఆగి ఉంది. వాడి కళ్లు సీసా మీద ఉన్నాయి. తర్వాత నా మీదికొచ్చాయి. చేప బొమ్మనూ చూశాడు, దాన్ని నేను తిప్పడమూ చూశాడు. మెల్లగా నవ్వాడు.

"వదినా, లయ్ భారీ!"

మా వైపు మరాఠీలో అదరగొట్టావని. నేను దాన్ని మెచ్చుకోలు అనుకున్నాను. నా తెలివి అంతవరకే.

ఇంటికొచ్చిన కొన్నాళ్లకు వాడు మెట్ల మీద మందు వాసనతో ఎదురయ్యాడు. అమ్మ నీ కోసం నోరు కట్టుకుంటే సిగ్గు లేదా అని కాలరు పట్టుకున్నాను. వాడు గొంతు పెంచలేదు. "ఏడ కట్టుకున్నది వదినా? ఆ చారు గిన్నెలనే ఖతమైంది గద. అమ్మకు చెప్పకు, సచ్చిపోతది" అన్నాడు. నా చెయ్యి దానంతట అదే జారిపోయింది. ఆ రోజు నుంచి వాడి రహస్యం నా దగ్గర, నాది వాడి దగ్గర. ఇప్పుడు కుంఠా నాకాలో ఏదో షెడ్డులో పనిచేసి అక్కడే పడుకుంటాడు. ఇంటికి రాడు. మగ్గం ఆగితే ఇంకొకరిని పిలుస్తాం.

చెంచాడు చేప నీళ్లకు అమ్మవారు లెక్క తిరగేస్తుందని నేను నమ్మను. వాడు ఎలాగైనా తాగేవాడేమో. మా ఆయన అదే అంటాడు, అప్పట్లో పని పడిపోయింది, స్నేహాలు చెడ్డవి అని. ఆ మాట వింటే హాయిగా ఉంటుంది. తర్వాత నన్ను నేను అడుగుతాను: వాడిని ఆపింది అమ్మవారా, అమ్మ పళ్లెమా? పళ్లెమే అయితే, ఆ పళ్లెంలో సరుకు మార్చింది ఎవరు? బేరం కుదిరాక, ఇద్దరూ తల ఊపాక, గల్లా కింద చెయ్యి పెట్టింది ఎవరు?

కానీ నన్ను ఇక్కడ కూర్చోబెట్టింది ఆ పాత పాపం కాదు, దాని వడ్డీ. కొడుకు మళ్లీ తాగడం మొదలుపెట్టాక అత్తమ్మ తప్పు ఎక్కడ జరిగిందా అని తనలోనే వెతుక్కుంది. వెతికి వెతికి ఒకటి పట్టుకుంది. పరదేశం పోయి ఊరంతా తిరిగింది, రుచులు మరిగింది, నోరు కట్టుకోవాల్సిన మనిషి నోటిని ముద్దు చేసింది. అందుకే అమ్మవారు చెయ్యి వదిలేసింది. ఆమె తీర్పు అది. ముందు తీపి మానేసింది. తర్వాత పల్లీల చట్నీ. తర్వాత కారం. చివరికి ఉప్పు. ఉప్పు లేని గంజి, అదీ పూటకు కొంచెం. పోయిన వారం బట్టలు ఉతికే చోట పడిపోయింది. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఒంట్లో ఉప్పు తగ్గిపోయింది, ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని డాక్టర్ నన్ను తిట్టాడు. నన్నే. కోడలు సరిగ్గా పెట్టడం లేదని అనుకుని ఉంటాడు. ఆయన అనుకున్నదాంట్లో తప్పేముంది?

ఇంటికొచ్చి మళ్లీ ఉప్పు లేని గంజే అడిగింది. మా ఆయన కాళ్లు పట్టుకున్నాడు. వినలేదు.

ఈ మధ్యాహ్నం గంజి దించి, ఉప్పు డబ్బా మూత తీశాను. ఒక్క చిటికెడు. కరిగిపోతుంది. ఆమె నాలుక రుచి మరిచిపోయి ఉంటుంది. బతుకుతుంది. ఎవరికీ తెలియదు. మంచికే కదా? చెయ్యి డబ్బాలోకి పోయింది కూడా. అప్పుడు వినబడింది, ఆమె ఇంకా అడగని మాట: ఇండ్ల ఉప్పు ఏసినవా బిడ్డా? నా జవాబు కూడా వినబడింది. లేదత్తమ్మా. పక్కా. నాలుక మీద అంత సిద్ధంగా ఉంది. నా చెయ్యి చూసి నాకే భయమేసింది. వేళ్లకంటిన ఉప్పు దులిపేసి, మూత పెట్టేసి, ఈ కాగితం తీసుకున్నాను.

అత్తమ్మకు నిజం చెబితే ఏమవుతుంది? తప్పు తనది కాదని తెలిసి తింటుందా? లేక తన నోటనే మొక్కు చెడిందని ఆ గంజి కూడా మానేస్తుందా? చెప్పకపోవడానికి ఇన్నాళ్లూ ఈ భయాన్నే చూపించుకున్నాను. అది భయమో, నా ముఖం కాపాడుకునే సాకో, ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమెను బతికించడానికి చెబుతున్నానా, నా బరువు దించుకోవడానికా? రెండూ కలిసే ఉంటాయి. నాకు కల్తీ లేని పని చేతకాదు. నా చేతి గంజి ఇక ముట్టనంటే అననీ. ఈ ఇంట్లో నన్నెవరూ క్షమించనక్కర్లేదు. ఆమె చెయ్యని తప్పు ఆమె దగ్గరుంది. అది నాది. నాకు తిరిగి కావాలి.

చారులో చేప ఉంది. నాకు తెలుసు. తెలిసే లేదన్నాను.

రాశాను. చాలా రోజుల తర్వాత ఊపిరి అడుగుదాకా దిగింది.

లోపలి నుంచి పిలుస్తోంది, "ఓ బిడ్డా, గంజి అయిందా?" అని. ఒక చేతిలో ఉప్పు లేని గంజి, ఇంకో చేతిలో మూత పెట్టిన ఉప్పు డబ్బా పట్టుకుని వెళ్తున్నాను. రెండూ ఆమెకు కనబడేట్టు.