ఖలాస్ అన్న ఒక్క మాట

నా చిన్నప్పుడు బహ్రెయిన్‌లో మా నాన్నగారు ఒక చావు కబురు చెప్పిన తీరు, నిరుడు గ్వాటెమాలా కొండల్లో నాకు అక్కరకు వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

అప్పట్లో మేము జింజ్‌లో అద్దెకు ఉండేవాళ్లం. పక్క వాటాలో కాకినాడ వైపు నుంచి వచ్చిన పిన్ని ఉండేది. ఆమె ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసేది; ఆమె భర్త గలాలీలో భవన నిర్మాణ కూలీ. ఒక సాయంత్రం అతనితో పనిచేసే నిజామాబాద్ మనిషి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"అక్కా, అన్న ఖలాస్ అయిండు," అన్నాడు.

పనిచేసే ఇంట్లో పిన్ని రోజూ వినే మాటే అది. పని ముగిసింది, ఇక వెళ్లవచ్చని అక్కడ దాని అర్థం. ఆమె నవ్వింది.

"ఇంత పెందలాడే వదిలేశారా? ఓవర్‌టైం అంటే పడిచచ్చే మనిషి కదా తమ్ముడూ," అంటూ బియ్యం కడిగి స్టవ్ మీద పెట్టింది.

వచ్చినతని ఊళ్లో ఆ మాటకు ప్రాణం పోయిందనే అర్థమూ ఉంది. అతను తల దించుకుని పక్కకు జరిగాడు. అతని వెనకే వచ్చిన మా నాన్నగారికి విషయం బోధపడింది. కాస్త తిననివ్వండి, ముందు ఆస్పత్రిలో ఉన్నాడని చెబుదాం అని మా అమ్మ గొణిగింది. ఆయన వినలేదు. లోపలికి వెళ్లి, స్టవ్ ఆపి, పిన్ని ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

"మీ ఆయన చనిపోయాడమ్మా. పరంజా మీద నుంచి పడ్డాడు."

"ఎన్నింటికి వస్తారంట బావగారూ?" అని అడిగింది పిన్ని.

ఆయన అవే మాటలు, ఒక్క అక్షరం మార్చకుండా, మళ్లీ చెప్పారు. ఆమెకు అర్థమయ్యేదాకా చెప్పారు. ఆ తర్వాత కూడా అక్కడి నుంచి లేవలేదు. అంత కఠినంగా ఎందుకు చెప్పారని కొన్నాళ్లకు అడిగాను. ఆ అన్నం ఎవరి కోసం వండుతోందో తెలిసి ఊరుకోవడం తన వల్ల కాలేదన్నారు.

ఉద్యోగ విరమణ తర్వాత, ఊట నీటిని గొట్టాల ద్వారా ఒక కొండ ఊరికి దింపే స్వచ్ఛంద సేవకు నేను గ్వాటెమాలా వెళ్లాను. గొట్టాల పని సగంలో ఉండగా, చెడునీటి వల్ల జబ్బు చేసి తండ్రితో పట్నం ఆస్పత్రికి వెళ్లిన ఒక పసివాడు చనిపోయాడని ఫోన్ వచ్చింది. మాతో పనిచేసే యువతి, నొప్పించకుండా చెప్పాలని, బిడ్డ వెళ్లిపోయాడని తల్లికి స్పానిష్‌లో చెప్పింది. ఆ తల్లికి స్పానిష్ అంతంతమాత్రం. ఆమెది వేరే కొండభాష. బిడ్డ ఆస్పత్రి నుంచి బయలుదేరాడనుకుంది. వాణ్ని వీపున కట్టుకునే గుడ్డ తీసుకుని బస్సు ఆగే చోటికి నడవసాగింది.

నేను రెండు భాషలూ వచ్చిన ఊరి మంత్రసానిని వెంటబెట్టుకుని దారిలో ఆమెను కలుసుకున్నాను. చనిపోయాడన్న మాటను వాళ్ల భాషలో, ఏ ముసుగూ లేకుండా చెప్పమన్నాను. మంత్రసాని చెప్పింది. తల్లి గుడ్డ సర్దుకుంటూ ఏదో అడిగింది.

"బస్సు ఆలస్యమా అంటోంది," అంది మంత్రసాని, నా వైపు చూడకుండా.

"అదే మాట మళ్లీ చెప్పండి," అన్నాను.

ఆ తర్వాత ఆ తల్లి పక్కన, బాట మీది మట్టిలో కూర్చున్నాను. కొన్ని వారాలకు పని పూర్తయి ఆ ఊరికి నీళ్లు వచ్చాయి. ఏ అతుకు దగ్గరా కారలేదు. ఆ నీళ్లు ఆ బిడ్డకు అందలేదు. తెలిసిన మాటలో చెప్పడం, చెప్పి లేచిపోకపోవడం మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నాను. అలా ఎదురుగా కూర్చుని పిన్ని ముఖంలోకి చూడడాన్ని ఆయన ఎలా భరించారో మాత్రం నాకింకా తెలియదు.