స్టెప్నీకి నిమ్మకాయ

చిట్టీ, మన జీపుకు ఈ రోజు టైర్లు మార్పించాను. నువ్వు పోయాక బండి నీ తమ్ముడే నడుపుతున్నాడు. వాడితో శాలిబండ దుకాణానికి నేనూ వెళ్ళాను. దుకాణం భాయ్ పాత టైర్లకు కొత్త రబ్బరు అతికించిన రీబటన్ టైర్లు చూపించాడు.

"మస్తు గట్టిగుంటయమ్మా, ఫికర్ వద్దు," అన్నాడు.

"నా పెద్దకొడుకు గూడ గిట్లనే అన్నడు భాయ్. ఆ రబ్బరు ఊడే బండి పల్టీ కొట్టింది," అన్నాను.

ఆయన వాటిని పక్కకు నెట్టి కొత్తవి తెచ్చాడు. వెనక తగిలించే స్టెప్నీ కూడా కొత్తదే అడిగాను.

ఇంటికొచ్చి నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఐదోది చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

"స్టెప్నీ ఎట్ల తొక్కుతదే అమ్మా?" అని నీ తమ్ముడు నవ్వాడు. నువ్వు పోయాక వాడు నవ్వడం ఇదే మొదలు. నేనూ నవ్వాను. తప్పంటావా, నువ్వే చెప్పు. అక్కడ వేళకు కడుపునిండా అన్నం తిను.