రేపు డీహెచ్‌సీపీ

రాజనర్సయ్య ఒకే పాఠాన్ని తొమ్మిదేళ్లు విన్నాడు.

అమీర్‌పేటలో కంప్యూటర్ హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ నేర్పే మా సంస్థలో ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటి రోజు డెమో క్లాసు. దానికి ఫీజు లేదు. నచ్చినవాళ్లు రెండో రోజు నుంచి చేరతారు. నచ్చనివాళ్లు పక్క మెట్లెక్కి ఇంకో డెమో వింటారు. ఖాళీ గదిలో పాఠం చెబితే ఎవరూ చేరరనీ, నలుగురు కూర్చున్న చోటే ఐదోవాడు కూర్చుంటాడనీ ఈ వీధిలో అందరికీ తెలుసు. ఆ నలుగురిలో ఒకడిగా కూర్చోవడమే రాజనర్సయ్య ఉద్యోగం.

పొద్దున్నే మెట్రో మెట్ల దగ్గర మా కరపత్రాలు పంచేవాడు. గబగబా నడిచేవాళ్లకు ఇచ్చేవాడు కాదు. తలెత్తి బోర్డులు చదువుకుంటూ పోయేవాళ్లకే ఇచ్చేవాడు. "పైకి చూస్తున్నడంటే నిన్ననే ఎస్.ఆర్. నగర్ హాస్టల్ల దిగిండన్నట్టు బిడ్డా," అని నాకు చెప్పాడు. పదకొండింటికి చొక్కా మార్చుకుని, నోటుబుక్కు పట్టుకుని వచ్చి రెండో వరసలో కూర్చునేవాడు. పక్క కుర్రాళ్లు "అంకుల్, మీరూ నేర్చుకుంటారా?" అంటే, "నలభై ఆరేండ్లు ఓ వయసా అన్నా," అనేవాడు. ఆ నోటుబుక్కులో రాసి ఉన్నది ఒక్క పేజీ. తొమ్మిదేళ్ల కిందట రాసిందే. తర్వాత రాయడానికి కొత్తగా ఏమీ చెప్పలేదు మరి.

నేను అక్కడ రిసెప్షన్లో కూర్చుంటాను. తెలుగు ఎం.ఏ. చదివాను. ఫోను మోగితే ముందు మంచినీళ్లు తాగి, తర్వాత ఎత్తుతాను. తలుపు తీసే ఉంటుంది కాబట్టి ఆ పాఠం నాకూ కంఠతా వచ్చేసింది.

పాఠం చెప్పేది మా సంస్థ యజమాని హనుమత్ప్రసాద్ గారు. కాకినాడ వైపు మనిషి. ఆయన కంప్యూటరును ఇల్లు చేసి చెబుతారు. ర్యామ్ అంటే వంటగట్టు. వంట జరుగుతున్నంతసేపూ సామాన్లన్నీ దాని మీదే ఉంటాయి, పని అయిపోగానే తుడిచేస్తారు. హార్డ్ డిస్క్ అటక. అక్కడ పెట్టినవి ఏళ్ల తరబడి ఉంటాయి, ఏం పెట్టామో మనకే గుర్తుండదు. ఐపీ అడ్రస్ ఇంటి నంబరు. మనకైతే ఫలానా బేకరీ ఎదురుగా అని చెబితే చాలు, పాపం కంప్యూటరుకి బేకరీ తెలియదు. ఆఫీసులో కంప్యూటర్ల వైర్లన్నీ కలిపే స్విచ్ అంటే హాస్టల్ వార్డెనమ్మ, ఏ గదిలో ఎవరున్నారో ఆవిడకి తెలుసు. రౌటర్ అంటే గేటు దగ్గర వాచ్‌మన్, బయటి దారులు అతనికి తెలుసు. బేకరీ దగ్గర నవ్వాలి. రాజనర్సయ్య ముందు నవ్వేవాడు, మిగతావాళ్లు వెనకాల అందుకునేవారు.

చివర్లో సారు మార్కరుకి మూత పెట్టి, "రేపు డీహెచ్‌సీపీ చూద్దాం," అనేవారు. ఆ రేపు రాజనర్సయ్యకు ఎప్పుడూ రాలేదు. రేపటికి ఆయన మళ్లీ మెట్రో మెట్ల దగ్గర ఉండేవాడు.

దసరాకు వారం ముందు సారు ఆయన్ని పిలిచి, దీపావళి నుంచి డెమోలన్నీ ఆన్‌లైన్లో పెడుతున్నామని చెప్పారు. కరపత్రాలు కూడా ఉండవు.

"ఆన్‌లైన్ల సుత ముందు నవ్వనీకి ఒకడు కావాలె గద సార్?"

"అందరూ మ్యూట్‌లో ఉంటారయ్యా."

రాజనర్సయ్య బయటికి వచ్చి నా బల్ల పక్కన నిలబడ్డాడు. "ఇంకో పని నాకేం ఎరుక బిడ్డా?" అన్నాడు, నవ్వుతూనే.

అదే వారం పంజగుట్ట నుంచి ఎర్రమంజిల్ వెళ్లే దారిలో ఉన్న ఒక ట్రావెల్స్ ఆఫీసు వాళ్లు ఫోన్ చేశారు. సపోర్టు టెక్నీషియన్ కావాలట. మా పాత విద్యార్థులెవరూ అంత చిన్న ఆఫీసుకి రామన్నారు. నేను మంచినీళ్లు తాగి, రాజనర్సయ్య పేరు చెప్పేశాను. బయోడేటా కూడా నేనే రాశాను. అనుభవం అన్నచోట ఏం రాయాలో తోచక, "హార్డ్‌వేర్, నెట్‌వర్కింగ్ తరగతిలో తొమ్మిదేళ్లు" అని రాశాను. అబద్ధమైతే కాదు.

ఇక్కణ్నుంచి ఆయన చెప్పిందీ, ఆ ఆఫీసు అటెండరు కామరాజు చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

ఇంటర్వ్యూ దసరా మర్నాడు. ఆఫీసంతా గోలగా ఉంది. పండుగ నుంచి తిరిగి వచ్చేవాళ్ల టిక్కెట్లు బుక్ చేయాల్సిన పొద్దున, ఒక్క కంప్యూటరుకీ నెట్‌వర్కు లేదు. ఎప్పుడూ వచ్చే మెకానిక్కు ఊళ్లో లేడు. మేనేజరు కమలకుమారి గారు ఒక చెవిన ఫోను పెట్టుకునే బయోడేటా చదివారు.

"తొమ్మిదేళ్లు పాఠాలు చెప్పారా అండీ?"

"లేదు మేడమ్. విన్న."

"తొమ్మిదేళ్లా! ఏంటండీ, అంత పెద్ద కోర్సా?"

"చిన్నదే మేడమ్."

ఆవిడ ర్యామ్ అడిగారు. రాజనర్సయ్య వంటగట్టు ఎక్కాడు. హార్డ్ డిస్క్ అడిగితే అటక ఎక్కాడు. ఐపీ అడ్రస్ దగ్గర ఆవిడ బేకరీకి నవ్వారు కూడా. ఆ ఊపులో ఆయన అచ్చం మా సారులా చేతులు వెనక్కి కట్టుకుని, "అర్థమైందా అండీ? కాకపోతే అడగండి, సిగ్గుపడకండి," అనేశాడు.

"అర్థమైందండీ," అన్నారు కమలకుమారి గారు, తెలియకుండానే. తర్వాత తేరుకుని, "సరే, డీహెచ్‌సీపీ అంటే?" అన్నారు.

"అది రేపు మేడమ్."

ఆవిడ ఫోను కింద పెట్టేశారు. రాజనర్సయ్య ఇక దాచలేదు. "నిజం చెప్తున్న మేడమ్. గదిల జనం కనవడాలని నన్ను కూసోవెడతరు. రెండో రోజు పాఠం నేను వినలే. కంప్యూటర్ ఒక్కసారి సుత విప్పలే."

ఆవిడ బయోడేటాను మెల్లిగా మడిచారు. ఆయన లేచి నమస్కారం పెట్టాడు. తలుపు దాకా వెళ్లాడు. బయట మూల, మంచినీళ్ల ఫిల్టరు పక్కన, బొట్లు పెట్టి బంతిపూల దండ వేసిన చిన్న నల్ల డబ్బా కనపడింది. సారు బొమ్మ గీసి చూపించే స్విచ్ అదే. దాని దీపాలన్నీ ఊరేగింపు బండికి కట్టినట్టు తెగ మిణుకుమంటున్నాయి. తొమ్మిదేళ్లు బోర్డు మీద చూసినదాన్ని ఎదురుగా చూసి ఆయన అక్కడే ఆగాడు.

"జర చూడొచ్చా మేడమ్? ముట్టుకోను."

"చూడండి. ఇంతకన్నా పాడయ్యేదేముంది?"

మా సారు మొదటి రోజు చెప్పే ఇంకో మాట ఒకటుంది. ముందు చేతులు కట్టుకో, కళ్లతో చూడు, చివర ముట్టుకున్నదెవరో అడుగు. రాజనర్సయ్య చేతులు కట్టుకున్నాడు.

"చివర ఎవరు ముట్టుకున్నరు?"

అందరూ బంతిపూల దండ వంక చూశారు. దండ వేసిన కామరాజు గోడ వంక చూశాడు.

"ఆయుధపూజకు దుమ్ము దులిపి బొట్టు పెట్టిన భాయ్, గంతే," అన్నాడు కామరాజు. "ఒక్క వైరు సుత పీకలే. కసం."

"పీకలే, మంచిదే. ఏమన్న పెట్టినవా?"

కామరాజు గొంతు తగ్గింది. "ఒకటి కిందికి వేలాడుతుండె. పండుగ పూట గట్ల వేలాడితే మంచిగుండదని ఖాళీ బొక్కల వెట్టిన."

రాజనర్సయ్య వంగి, ఒక్కొక్క వైరు వెంటా గాలిలో వేలు నడిపాడు. ఒకటి రిసెప్షన్‌కి పోయింది. ఒకటి మేడమ్ గదికి. అన్నీ ఏదో ఒక బల్ల దగ్గరికి పోతున్నాయి. నీలం రంగుది ఒక్కటే చుట్టు తిరిగి మళ్లీ అదే డబ్బాలోకి వచ్చింది.

"గిది ఎవలింటికీ పోతలేదు మేడమ్. వార్డెనమ్మ ఓ కేక వేసిందనుకోండ్రి. గా కేక గీ వైరుల వడి తిరిగి ఆమె చెవులకే వస్తున్నది. ఎవరో పిలుస్తున్నరని ఆమె మళ్ల కేక వేస్తది. పొద్దటిసంది గామె గదే పని మీదున్నది. ఇగ వేరేవాళ్ల మాట ఎట్ల వింటది?"

"అయితే తీసేయండి."

ఆయన చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు. క్లిప్పు నొక్కి వైరు లాగాడు. దీపాలు ఒక్క క్షణం ఆగి, తర్వాత నిదానంగా, ఒకదాని తర్వాత ఒకటి వెలగసాగాయి. హాల్లో ఎవరో "వచ్చింది! వచ్చింది!" అని అరిచారు. కామరాజు డబ్బాకి మళ్లీ దండం పెట్టాడు.

కమలకుమారి గారు మడిచిన బయోడేటాను విప్పారు. "మాకొచ్చే కంప్లయింట్లలో సగం ఇలాంటివేనండీ. ఆ సగానికి మీ మొదటి రోజు చాలు. రేపట్నుంచి రండి. మిగతా సగానికి మూడు నెలలు గడువిస్తాను. ఈలోగా కోర్సు పూర్తి చేసి, ఆ డీహెచ్‌సీపీ ఏంటో నాకే వచ్చి చెప్పాలి."

తర్వాతి మంగళవారం సాయంత్రం బ్యాచ్‌కి రాజనర్సయ్య పని చొక్కాతోనే వచ్చాడు. గుమ్మంలో సారు ఆపారు. "ఇవాళ డెమో కాదయ్యా, రెండో రోజు."

"గందుకే వచ్చిన సార్."

సారు పక్కకి జరిగి దారి ఇచ్చారు. రాజనర్సయ్య అలవాటుగా రెండో వరసలో కూర్చుని, మళ్లీ లేచి మొదటి వరసకు మారాడు.

"నిన్న ఎక్కడ ఆగాం?" అన్నారు సారు. కుర్రాళ్లు నోటుబుక్కులు తిరగేస్తున్నారు. రాజనర్సయ్య చెయ్యెత్తాడు.

"రేపు డీహెచ్‌సీపీ చూద్దామన్నరు సార్."

సారు మార్కరు మూత తీశారు. "హాస్టల్‌కి కొత్తవాడు దిగాడు. ఏ మంచం ఖాళీగా ఉందో చూసి, వాడికి ఓ నంబరిచ్చే మనిషి కావాలి కదా? కొత్తగా తగిలించిన కంప్యూటరుకి ఖాళీగా ఉన్న ఐపీ అడ్రస్ చూసి ఇచ్చే ఆ పనే డీహెచ్‌సీపీ."

"గింతేనా సార్?"

"ఇంతేనయ్యా."

రాజనర్సయ్య నోటుబుక్కు తెరిచి, అంచులు నలిగిన మొదటి పేజీ తిప్పాడు.