గుసగుస పరీక్ష

చైనా యుద్ధం అయిన కొత్తలో మా అక్క మొగుడూ నేనూ ఒకే రోజు సైన్యంలో చేరాం. అది పూర్తి సైన్యం కాదు. ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ, ఏడాదికి నెలో రెండు నెలలో క్యాంపుకి పోవాలి. యుద్ధమొస్తే పిలిచిన చోటికల్లా పోవాలి. మా ఊళ్ళో దాన్ని ‘సగం మిల్ట్రీ’ అనేవారు. మిగతా కాలమంతా మేమిద్దరం జూట్ మిల్లులో నేత పనివాళ్ళం.

మగ్గాల హోరులో పక్కవాడు అరిచినా వినబడదు. అందుకని మిల్లులో అందరం పెదాలు చూసి మాట పట్టుకోవడం నేర్చుకున్నాం. బావ ఆ విద్యలో ఎంత దిట్ట అంటే, అతని చెవులు మెల్లగా మూసుకుపోతున్నాయని చాలాకాలం ఎవరికీ తెలియలేదు. ఎదురుగా నిలబడి అడిగితే టక్కున జవాబిచ్చేవాడు. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. పరధ్యానం మనిషి అనుకునేవాళ్ళం.

నాకు అసలు సంగతి తెలిసింది నాగావళి మీది రైలు వంతెన దగ్గర. అరవై అయిదులో పాకిస్తాన్‌తో యుద్ధం ఆగాక కూడా మమ్మల్ని కొన్నాళ్ళు అక్కడే కాపలా ఉంచారు. ఒక రోజు పొద్దున్నే మంచు దట్టంగా పట్టింది. బావ ఏట్లో ముఖం కడుక్కుని గట్టెక్కి వస్తున్నాడు. కాపలా జవాను “ఎవరది? ఆగు!” అని కేకేశాడు. మంచులో ఆకారం ఆగలేదు. మళ్ళీ కేకేశాడు. ఆగలేదు. జవాను తుపాకీ భుజానికెత్తాడు. నేను చేతిలో టీ గ్లాసు పారేసి పరిగెత్తి, గొట్టం పైకి తోసి, “మనోడే! మనోడే!” అని అరిచాను.

బావ నవ్వుతూ మంచులోంచి బయటికొచ్చాడు. “ఏటిరా, అలా వణుకుతన్నావు? సలేస్తందేటి?” అన్నాడు.

అతనికి ఏమీ వినబడలేదు. నేను చెప్పలేదు. జవానునీ బతిమాలి ఊరుకోబెట్టాను. పైవాళ్ళకి తెలిస్తే బావని ఇంటికి పంపేస్తారు. మిల్లులో అతనొక నంబరు బిళ్ళ. క్యాంపులో మాత్రం గురి చూసి కొట్టడంలో మొదటివాడు. ఒకసారి ఖాకీ బట్టల్లో ఊళ్ళోకి వెళితే, ఎప్పుడూ వీధిలో నిలబెట్టి మాట్లాడే మా ఊరి పెద్దరైతు బల్ల చూపించి “కూకో” అన్నాడట. ఆ ముక్క నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

కొన్నేళ్ళకి సైన్యంలో మా గడువు తీరింది. మళ్ళీ చేరదలచినవాళ్ళు విజయనగరం రమ్మని ఇద్దరికీ కార్డులొచ్చాయి. బయల్దేరేటప్పుడు అక్క నన్ను పక్కకి పిలిచింది. “మీ బావకి సెవులు ఇనపడ్డం లేదురా. నాను ఒద్దంటే ఊరుకుంటాడేటి? నువ్వే సూడు” అంది. ఏం చూడమందో నేను అడగలేదు.

బస్సులో బావ నా చెవి దగ్గర చెప్పాడు: “డాక్టరు ఎనకాల నిలబడి గుసగుసగా అంకెలు సెప్తాడంట. నువ్వు నాకెదురుగా ఉండు. ఆయన సెప్పింది నువ్వు పెదాలతో సెప్పు. అంతే.”

అతనికి కనబడేలా తల తిప్పి, “దొరికిపోతే?” అన్నాను.

“మిల్లులో రోజంతా ఇలాగే మాటాడుకుంటాం. ఎవడైనా కనిపెట్టినాడేటి?”

పరీక్షలు ఒక బడి వరండాలో జరిగాయి. నాది ముందే అయిపోయింది. చొక్కా చేత్తో పట్టుకుని గోడవార నిలబడ్డాను. డాక్టరు బావ వెనక్కి వెళ్ళి, కాగితం చూస్తూ “ఏడు” అన్నాడు. నాకు స్పష్టంగా వినబడింది. బావ కళ్ళు నా నోటిమీద ఉన్నాయి. వాటిలో బెదురు లేదు, నేను చెబుతానన్న ధీమా ఉంది. నోరు తెరవబోయాను. వంతెన దగ్గర భుజానికెత్తిన ఆ తుపాకీ గొట్టం గుర్తొచ్చింది. తల దించుకుని గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టాను.

కాసేపటికి “తొమ్మిది” అన్న బావ గొంతు వినిపించింది. ఊహించి చెప్పాడు. తర్వాత రెండూ తప్పే. డాక్టరు ముందుకొచ్చి భుజం మీద చెయ్యి వేసి, “ఇంటికి వెళ్ళవయ్యా” అన్నాడు మెత్తగా. నేను మాత్రం మళ్ళీ చేరడానికి సంతకం పెట్టాను. తిరుగు బస్సులో బావ వేరే సీట్లో కూర్చున్నాడు. రెండు నెలలు నాతో మాట్లాడలేదు.

క్యాంపుకి పోయే ముందురోజు వాళ్ళింటికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, వంతెన దగ్గర జరిగిందంతా చెప్పాను. బావ చుట్ట ఆరిపోయిందని కూడా చూసుకోలేదు.

“రెండుసార్లు కేకేసినాడా?”

“రెండుసార్లు.”

“ఆ రోజే సెప్పలేదేటి?”

“సెప్తే నిన్ను పంపీసీవోరు బావా.”

“మరి ఇప్పుడు పంపీలేదా?” అన్నాడు. “అప్పుడే సెప్పుంటే నా అంతట నానే మానీసీవోణ్ణి. అంతమంది ముందు నిలబడీవోణ్ణి కాదు.”

అతన్ని కాపాడాననుకుంటూ అన్నేళ్ళు గడిపాను. ఆ మాట విన్నాక, అతని ముఖం చూసి చెప్పడానికి జంకి ఊరుకున్నానని అర్థమైంది.

మర్నాడు బస్సు దగ్గరికి వచ్చాడు. పలకరించలేదు. నా ట్రంకు పెట్టె పైకెక్కించి, తాడు బిగించి, రెండుసార్లు లాగి చూసి దిగాడు. కోపం పోయిందనుకున్నాను. పూర్తిగా పోవడానికి ఇంకో ఏడాది పట్టింది.